గొంతు తీసేసిన చోట

కరోనా ఆంక్షలు ఎత్తేసిన ఏడాది వేసవిలో నంద్యాలలోని ఒక చిన్న రికార్డింగ్ స్టూడియోలో చీఫ్ మిక్సింగ్ ఇంజనీరుగా చేరాను. చీఫ్ అన్నమాటే గానీ నా కింద పనిచేసేవాళ్లెవరూ లేరు. మిక్సింగ్ అంటే విడివిడిగా రికార్డయిన గొంతును, వాయిద్యాలను హెచ్చుతగ్గులు చూసి ఒక పాటగా కలపడం. గొంతు ముందుండాలి, మిగతావన్నీ వెనకుండాలి అని నేర్చుకున్నవాణ్ని. దాన్ని తలకిందులు చేసిన ఆల్బమ్ నా ఉద్యోగంలో చివరిది.

దాన్ని మొదలుపెట్టినవాడు కరీం. పెళ్లిళ్లకు సౌండ్ సిస్టం అద్దెకిచ్చే కుటుంబం వాళ్లది. తను బేస్ గిటార్, అంటే మంద్రస్వరాల గిటార్, వాయిస్తాడు. వస్తూనే జమైకా వాళ్ల ఆల్బమ్ ఒకటి వినిపించాడు. రెగే అనే వాళ్ల పాటలోంచి గొంతును దాదాపు తీసేసి, బేస్‌నూ డ్రమ్స్‌నూ ముందుకు తెచ్చి, మిగిలిన ముక్కలను ఎకోలో వదిలితే దాన్ని డబ్ అంటారట. మొదటి పాటకే నేను కుర్చీలో కూర్చోలేకపోయాను. బేస్ నేరుగా పొట్టలోకి దిగింది. ఒక మాట వస్తుంది, గోడకు కొట్టిన బంతిలా తిరిగి తిరిగి వచ్చి మాయమవుతుంది. తర్వాత ఏమొస్తుందా అని ఒళ్లంతా చెవులు చేసుకుని వింటాం. ఇన్నేళ్లూ ఇది వినకుండా ఎలా బతికానా అనిపించింది!

"మన పాటల్తో ఇట్లాంటిది చేద్దాం సార్" అన్నాడు కరీం.

అతను ఎంచుకున్నవి ఆళ్లగడ్డ సుకుమారి టీచర్ పాటలు. వాళ్లమ్మ వేరుశనగ చేలలో కలుపు తీస్తూ పాడినవాటిని ఆమె మా స్టూడియోలోనే, నేను చేరకముందు, రికార్డు చేసింది. తర్వాత గొంతుకు ఆపరేషనై పాడే శక్తి పోయింది. ఆ రికార్డింగుల్లో తప్ప ఆమె పాట ఇంకెక్కడా లేదు. అందుకే ఆమె విని ఒప్పుకుంటేనే విడుదల అని కరీంతో ముందే చెప్పాను.

డ్రమ్స్ బదులు ఆళ్లగడ్డ శిల్పుల ఉలి దెబ్బలు రికార్డు చేసుకొచ్చాం. డబ్‌లో మిక్సింగ్ బల్లే వాయిద్యం. పాట నడుస్తుండగానే ఒక చేత్తో ఫేడర్ దించాలి, అంటే శబ్దాన్ని పెంచి తగ్గించే మీట. రెండో చేత్తో ఎకో తిప్పాలి. మళ్లీ చేస్తే అదే రాదు. రిటైరవబోయే మనిషిని, నేను బల్ల ముందు ఊగిపోతుంటే కరీం ఈలలు వేశాడు.

ఉలి శబ్దమిచ్చినవాళ్లూ వినాలని ఆళ్లగడ్డలో శిల్పాల షెడ్డు ముందే స్పీకర్లు పెట్టాం. టీచర్, వాళ్లమ్మతో కలుపు తీసిన ఆడవాళ్లను కొందరిని వెంటబెట్టుకుని వచ్చింది.

మొదటి పాట "పొద్దు యాడికొచ్చెనే" అని ఎత్తుకోవాలి. "పొద్దు" అన్నంతవరకే వచ్చింది. అది ఎకోలో తిరిగి పోయింది. ఆపైన బేస్, ఉలి. టీచర్ ముఖం మాడిపోయింది. లేచొచ్చి బొంగురు గొంతుతో, "ఏంది సార్ ఇది? నాకు మిగిలిందే ఇది. దీన్ని గూడ తునకలు తునకలు చేసినారే" అంది. పాట ఆపడానికి కరీం చెయ్యి చాచాడు.

అంతలో స్పీకర్లు మళ్లీ "పొద్దు" అన్నాయి. వెనక బండ మీద కూర్చున్న ఓబుళమ్మ అనే పెద్దావిడ ఉన్నట్టుండి "యాడికొచ్చెనే" అని అందుకుంది. మిగతావాళ్లు "సాలు చివరికొచ్చెనే" అని గొంతు కలిపారు. వాళ్లకు ఎవరూ ఏమీ చెప్పలేదు. కలుపు తీసే సాలులో పాట ఎత్తుకున్నామె ఆయాసంతో ఆగితే పక్కామె అందుకోవడం వాళ్ల అలవాటు.

"ఏమే సుకుమారీ, మీయమ్మ గూడ ఈడనే ఊపిరి తీసుకుంటాండె గదా!" అని ఓబుళమ్మ నవ్వింది.

కరీం చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఉలి దెబ్బ, బేస్, దాని మీద ఆ ముసలి గొంతులు! శిల్పులు పని వదిలేసి వచ్చి నిలబడ్డారు. టీచర్ స్పీకరు మీద చెయ్యి ఆనించి పాట అయ్యేదాకా కదల్లేదు. రెండో పాట కూడా విన్నాక నా వైపు తిరిగింది.

"దీంట్లో నా గొంతు ఎక్కువుంది సార్. ఇంకొంచెం తీసేయండి. వీళ్లని పాడనీ."

అలాగే తీసేశాం, అలాగే విడుదల చేశాం. ఫేడర్ దించే ముందు ఆ చోటును అందుకునేవాళ్లు ఉన్నారా అని చూసుకోవాలి. ఉంటే ధైర్యంగా దించొచ్చు.