క్యాంపు మేడ మీద ఎర్ర దుప్పటి

మా చిన్నప్పుడు... నాట్ల రోజుల్లో కూడా మా అవ్వ చూపు కాలువ అవతలి మేడ మీదే ఉండేది.

ఆ మేడ క్యాంపులో సత్యవతమ్మ గారిది. కోస్తా నుంచి వచ్చి, కాలువ నీళ్ల కింద వరి వేసుకుని స్థిరపడ్డ వాళ్ల ఊరిని మేం క్యాంపు అంటాం. మా చుట్టుపక్కల మొదటి ఫోన్ వాళ్లింటికే వచ్చింది. మా బాపు దుబాయిలో మేస్త్రీ. బాపు ఫోన్ చేసి, అరగంటలో మళ్లీ చేస్తానని చెప్పి పెట్టేస్తే, సత్యవతమ్మ గారు మేడ పిట్టగోడ మీద ఎర్ర దుప్పటి వేసేవారు. అది కనబడగానే అవ్వ కేక... అమ్మ పరుగు... అమ్మ వెనకాల నేను.

నేను వెళ్లేదాన్నే కానీ మాట్లాడేదాన్ని కాదు. బాపు వెళ్లినప్పుడు నాకు మూడేళ్లు. రిసీవర్ చెవికి పెడితే ఎవరో కొత్త మనిషి గొంతులా ఉండేది. సిగ్గుతో నోరు పెగిలేది కాదు.

"కన్న తండ్రితోనే గింత సిగ్గయితే ఇగ అత్తగారింట్ల ఎట్ల బతుకుతవే?" అని అమ్మ నవ్వేది.

ఒక ఏడాది వానాకాలం... రెండు నెలలు బాపు ఫోన్ లేదు. ఉత్తరం లేదు. అమ్మ కంచం ముందు కూర్చునేది, కలిపేది, లేచిపోయేది. అవ్వ పక్కన రేడియో మోగుతూనే ఉండేది. ఎక్కడెక్కడి సంగతులో చెప్పే ఆ రేడియో మా బాపు సంగతి ఒక్కటి చెప్పేది కాదు.

నాలుగు రోజుల ముసురు తర్వాత ఎండ వచ్చిన పొద్దున, అవ్వ గట్టు మీద నుంచి అరిచింది.

"గంగా! దుప్పటి ఏసిన్రే... ఉరుకు!"

అమ్మ చేతిలోని నారు కట్ట అక్కడే పడేసింది. మోకాళ్ల దాకా బురదతోనే గట్ల వెంట ఉరికింది. నేను రెండుసార్లు పడ్డాను... అమ్మ వెనక్కి చూడలేదు.

వాకిట్లో సత్యవతమ్మ గారి కొత్త కోడలు ఉంది. కాపురానికి వచ్చి వారం కూడా కాలేదు.

"ఫోన్... మా ఆయన ఫోన్..." అమ్మకు ఊపిరి ఆడటం లేదు.

"ఫోనా అక్కా? ఏ ఫోనూ రాలేదండి..."

ముసురుకి ముక్కిన వాసన వస్తోందని ఆమే దుప్పటి ఎండలో వేసింది. ఆ దుప్పటి సంగతి పాపం ఆమెకెవరూ చెప్పలేదు.

అమ్మ మెట్ల మీద కూలబడిపోయింది. రెండు నెలలు మా ముందు ఆపుకున్న ఏడుపంతా అక్కడే ఏడ్చింది. "నాకు తెలీదక్కా..." అంటూ కొత్త కోడలూ ఏడుపందుకుంది. లోపలి నుంచి వచ్చిన సత్యవతమ్మ గారు ఒకసారి మేడ వైపు చూశారు.

"తప్పు నీది కాదమ్మాయ్, చెప్పని నాది," అన్నారు కోడలితో. తర్వాత అమ్మ భుజం పట్టుకుని లేపారు. "ఎదురుచూసింది చాలు గంగా. అతను చెయ్యకపోతే మనమే చేద్దాం. నంబరుందా?"

"ఉత్తరం మీద ఉన్నదమ్మా. నాకు ఫోన్ చేసుడు రాదు."

"మా ఫోన్ నుంచి దుబాయికి వెళ్లదు. బాన్సువాడ పోదాం పద."

"రేపు పోదామమ్మా. రేపు శుక్రవారం, అక్కడ సెలవు. రూముల ఉంటడు."

మర్నాడు ముగ్గురం బాన్సువాడ బస్టాండు పక్క ఎస్టీడీ బూత్‌కి వెళ్లాం. బూత్ నడిపే అన్న నాలుగుసార్లు నొక్కితే లైన్ కలిసింది. ఎత్తింది బాపు రూములో ఉండే కరీంనగర్ ఆయన. "కిందికి పోయిండక్కా. వస్తడు, ఆయనే చేస్తడు. మీ నంబర్ చెప్పున్రి," అన్నాడు.

బూత్ అన్న నంబర్ చెప్పి, వచ్చి తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. "ఈ అక్కకు దుబాయ్ నుంచి ఫోన్ వస్తది. అందాక ఎవ్వరికి లైన్ ఇయ్య. జర ఆగున్రి."

"ఏందయ్యా, ఫోన్ ఆమె ఒక్కదానికేనా?" అన్నాడు వరసలో నిలబడ్డ ఒక పెద్దాయన.

"ఊకో పటేలా," అంది వెనకాల ఒక అవ్వ. "పెనిమిటి ఫోనట. నీ ఎడ్ల బేరం యాడికి పోదు."

ఎవ్వరూ కదల్లేదు. అందరూ ఆగారు.

ఫోన్ మోగింది. అమ్మ గబుక్కున ఎత్తింది... "హలో" అన్న గొంతు వినగానే వెక్కిళ్లు. మాట రాదు. "హలో... హలో... ఎవరు?" అని బాపు అడుగుతూనే ఉన్నాడు. "మాట్లాడక్కా, కట్ చేస్తడు!" అన్నాడు బూత్ అన్న.

నాకెలా వచ్చిందో తెలియదు ఆ ధైర్యం. అమ్మ చెయ్యి పట్టి రిసీవర్ కిందికి గుంజాను.

"బాపూ... పెట్టకు. అమ్మ ఈడనే ఉన్నది. ఏడుస్తున్నది."

అటు నుంచి "నువ్వా బిడ్డా..." అని మెల్లగా ఒక మాట. ఈసారి బాపుకి గొంతు రాలేదు.

కాసేపటికి చెప్పాడు. "చెయ్యి ఇరిగింది బిడ్డా. జర మంచిగయినంక చేద్దామనుకున్న. అమ్మకు చెప్పకు, ఫికర్ పడతది."

నా చెంపకు చెంప ఆనించి అమ్మ అంతా వింటూనే ఉంది. రిసీవర్ లాక్కుంది.

"చెప్పకంటవా? రెండు నెల్లసంది నేనిక్కడ సగమైతుంటే చెప్పకంటవా? చెయ్యి ఇరిగితే నోరు గూడ పడిపోయిందా నీకు?"

బూత్ బయట అందరూ నవ్వారు... అందరికంటే ముందు ఆ పటేల్.

తిరుగు బస్సులో అమ్మ సత్యవతమ్మ గారి భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. మా ఊరు వచ్చేదాకా ఆమె భుజం కదపలేదు.

ఆ తర్వాత నాలుగేళ్లకు బాపు పూర్తిగా వచ్చేశాడు. నేనిప్పుడు పిట్లం ఊరి కోడలిని. రోజూ వీడియోలో బాపుని చూస్తాను. ఫోన్ నా చేతిలోనే మోగుతుంది... పక్క గదిలో వాళ్లకి కూడా తెలియదు. సుఖమే, కాదనను. కానీ మన ఒక్క మాట కోసం అంతమంది పని ఆపుకుని నిలబడటం మళ్లీ చూడలేదు.

మీ ఇంటి ఫోన్ ఎవరింటికి వచ్చేది? వాళ్లను ఒకసారి తలుచుకుని ఇక్కడ రాయండి.

ఆ బూత్ అన్న పేరు నేను అడగలేదు. లైన్లో ఆగిన వాళ్లెవరో కూడా తెలియదు. వాళ్లలో ఎవరైనా ఇది చదువుతుంటే... మా బాపు బాగున్నాడండి.