కండక్టరు ప్రేమ్ కుమార్ కరెంటు గిటారు

మా కింది వాటాలో కిరాయికున్న ప్రేమ్ కుమార్ పేరెత్తితే నాకు ముందు కోపమే వస్తుంది. పదకొండేళ్లు మా ఇంట్లో ఉన్నాడు, ఒక్కరోజు గేటు గడియ సరిగ్గా పెట్టిన పాపాన పోలేదు. ఆర్టీసీలో కండక్టరు, హయత్‌నగర్ డిపో. బస్సులో అంతమందిని సర్ది నిలబెట్టే మనిషికి ఒక గడియ పెట్టడం చేతకాదా అని అడిగితే, "మర్చిపోయిన ఆంటీ" అని తల గోక్కుంటూ నిలబడతాడు. నలభై రెండేళ్ల మనిషి అట్లా నిలబడితే ఇంకేం తిడతాం?

మాది తెనాలి దగ్గర. మా ఆయన జోగారావు గారి ఉద్యోగం కోసం ఎనభై నాలుగులో వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌కి నడిచిపోయే దూరంలో కొత్తపేటలో ఈ ఇల్లు కట్టుకున్నాం. ప్రేమ్ కుమార్‌ది చౌటుప్పల్ అవతల పల్లె. భార్య జ్యోతి మలక్‌పేటలో ఒక డాక్టరు దగ్గర నర్సు. తల్లి సాయమ్మకు డెబ్బై దాటాయి. ఆదివారం ముగ్గురూ ఉతికిన బట్టలు కట్టుకుని చర్చికి పోతారు. అక్కడ ప్రేమ్ కుమార్ గిటారు వాయిస్తాడు. ఆ పాత గిటారు మెడ వంగిపోయి, ఎంత శ్రుతి చేసినా నిలిచేది కాదు.

రెండువేల పదకొండు సెప్టెంబరులో, సకల జనుల సమ్మెకు వారం ముందు, కొత్త గిటారు కొనుక్కొచ్చాడు. నీలం రంగుది. చూస్తే తలుపు చెక్కలోంచి కోసినట్టు పలచగా ఉంది, బొజ్జ లేదు.

"దీనికి కడుపే లేదు కదయ్యా, శబ్దం ఎక్కణ్ణుంచి వస్తుంది?" అన్నాను.

"ఇది కరెంటు గిటారు ఆంటీ. తీగల కింద అయస్కాంతాలుంటయి. తీగ కదిలితే గవి పట్టుకుంటయి, వైరు నుంచి గీ డబ్బలకు పంపిస్తయి," అని పక్కన చిన్న స్పీకరు డబ్బా చూపించాడు. "చాన సస్తగ దొరికింది. గీ ధరకు గిన్ని సౌండ్లా అని నేనే పరేషానైన."

సౌండ్ల మాట నిజమే. దాని మీద ఒక స్విచ్ ఉంది, ఐదు మెట్లు. మెట్టు మారిస్తే గొంతు మారుతుంది. ఆ ఐదింటికీ ప్రేమ్ కుమార్ తన రూటులో స్టాపుల పేర్లు పెట్టుకున్నాడు. మెడ వైపు మొదటి మెట్టు హయత్‌నగర్, బరువుగా, మెత్తగా ఉంటుంది. తర్వాత వనస్థలిపురం. నడిమధ్యది ఎల్బీనగర్, అది నీళ్లంత తేటగా ఉంటుంది. ఆ తర్వాత దిల్‌సుఖ్‌నగర్, చివరిది మలక్‌పేట. మలక్‌పేట సన్నగా చెవిలో గుచ్చుతుంది. ఇవి కాక డబ్బా మీద ఇంకో మీట నొక్కితే గొంతు బొంగురుపోయి గరగరలాడుతుంది. అది విన్నప్పుడు మా ఆయన పేపరు దించి, "సైలెన్సర్ ఊడిన లారీ ఏదో మనింట్లోకి వచ్చినట్టుంది, చూడవే," అన్నారు.

సమ్మె మొదలైంది. బస్సులు డిపోలో ఆగిపోయాయి. ప్రేమ్ కుమార్ పొద్దున ఎల్బీనగర్‌లో శిబిరానికి పోయి కూర్చుని, మధ్యాహ్నం ఇంటికొచ్చి గిటారు పట్టుకునేవాడు. నేను పైన బియ్యం ఏరుకుంటూ వినేదాన్ని. మొదట్లో చిరాకుపడ్డానుగానీ, అబద్ధమెందుకు, నాలుగు రోజులకే అలవాటైంది. ఒకే పాటను ఐదు గొంతుల్లో వాయించి తనలో తాను నవ్వుకునేవాడు. మలక్‌పేటలో ఎక్కువసేపుంటే నేనే మెట్ల మీంచి, "ప్రేమూ, ఎల్బీనగర్‌కి రా నాయనా," అని కేకేసేదాన్ని. "ఒస్తున్న ఆంటీ, రైట్ రైట్," అని స్విచ్ మార్చేవాడు.

గనుల్లో బొగ్గు తవ్వేవాళ్లు కూడా సమ్మెలో ఉన్నారు. రోజుకు రెండు విడతలు కరెంటు తీసేసేవారు. ఫ్యాను ఆగినప్పుడల్లా నేను ప్రేమ్ కుమార్ మీద పడేదాన్ని, గనులన్నీ అతనే మూయించినట్టు. అతను నొచ్చుకునేవాడు కాదు. "ఒస్తది ఆంటీ. తెలంగాణా ఒస్తది, కరెంటు భీ ఒస్తది," అనేవాడు. మమ్మల్ని వెళ్లిపొమ్మంటారా అని మా ఆయన ఒకసారి సగం నవ్వుతూ అడిగితే, "ఇల్లు మీది, కిరాయోన్ని నేను. పోతే నేను పోవాలె," అన్నాడు.

ఒక మధ్యాహ్నం అతను హయత్‌నగర్ మెట్టు మీదే గంటసేపు ఉండిపోయాడు. ఒకే ముక్క, మళ్లీ మళ్లీ. డబ్బా తిప్పి గది మూలకు పెట్టాడు, మళ్లీ గుమ్మం వైపు తిప్పాడు. నేను కిందికి దిగి, "ఏంటయ్యా, అరిగిపోదూ ఆ పాట?" అన్నాను.

అతను వాకిట్లో కూర్చున్న తల్లి వైపు చూశాడు. సాయమ్మ చింతపండు గింజలు తీస్తోంది. తల ఎత్తలేదు.

"అవ్వకు ఇనస్తదేమోనని కొన్న ఆంటీ," అన్నాడు.

సాయమ్మకు ఆరేళ్లుగా చెవులు వినపడవు. చెవి మిషను పెట్టించారుగానీ, "మోత తప్ప ఏం లేదు" అని తీసి పెట్టెలో పడేసింది. ఒకప్పుడు నాట్ల దగ్గర సాయమ్మ గొంతెత్తితే పక్క చేలో కూలీలు వంగినవాళ్లు లేచి నిలబడేవారట. పాటలు తనే కట్టేది. ప్రేమ్ కుమార్ వాయిస్తున్న ముక్క వాటిలోదే. వినికిడి పోయాక పాడటం మానేసింది. ఎందుకు మానేశావని కొడుకు సైగ చేస్తే, "నా గొంతు నాకే ఇనస్తలేదు. ఎవలి గొంతనుకోని పాడాలె?" అందట.

"పాత గిటారు చిన్న సౌండు. దీంట్ల గిన్ని గొంతులున్నయి గదా, ఒక్కటన్న ఆమె చెవుల పడదా అనుకున్న. అన్ని స్టాపులు తిరిగిన. ఏ స్టాపుల ఆమె ఎక్కుతలేదు," అన్నాడు. నవ్వబోయాడు, నవ్వు రాలేదు. ఇన్నాళ్లూ ఆ మనిషిది సరదా అనుకుని, పైనుంచి స్టాపులు చెబుతూ కూర్చున్నాను.

"దగ్గరికి పిలిచి కూర్చోబెట్టుకోవచ్చు కదా," అన్నాను.

"రాదు. కరెంటుది గదా."

సాయమ్మ తమ్ముడు మట్టయ్య బావి దగ్గర మోటారు స్టార్టరు ముట్టుకుని చనిపోయాడు. ఈమె కళ్లముందే. అప్పట్నుంచి కరెంటున్నంతసేపు సాయమ్మ ఏ కరెంటు వస్తువునూ ముట్టుకోదు. ఫ్రిజ్‌లో మంచినీళ్లు కావాలన్నా ఫ్యాను ఆగేదాకా చూసి అప్పుడు తలుపు తీసేది. ఆమె చాదస్తమని నేనెన్నిసార్లు విసుక్కున్నానో. గిటారు వచ్చిన రోజే దాని డబ్బా మీద వెలిగే ఎర్ర లైటు చూసి వాకిట్లోకి జరిగిన మనిషి, మళ్లీ ఆ గదిలో అటువైపు కూర్చోలేదు.

ఇంకో పది రోజులు చూశాడు. ఒక శనివారం, "రేపు చర్చిల ఇచ్చేస్త ఆంటీ. ఆడ పోరగాండ్లు వాయించుకుంటరు. నాకు పాతదే మంచిగుంది," అన్నాడు. జ్యోతి అప్పటికే దానికి చుట్టడానికి పాత దుప్పటి తీసి పెట్టింది. నేను వాళ్ల గట్టు మీదే కూర్చుండిపోయాను.

అప్పుడే కరెంటు పోయింది. అలవాటు కొద్దీ నేను తిట్టబోయి ఊరుకున్నాను. ప్రేమ్ కుమార్ వైరు పీకి చుట్టిపెట్టి, గిటారును ఒళ్లో పెట్టుకుని ఊరికే అదే ముక్క మీటుతున్నాడు. కరెంటు లేకపోతే ఆ గిటారుకి గొంతే ఉండదు. పక్కనున్న నాకే దోమ పాడినంత వినబడుతోంది.

సాయమ్మ లేచింది. పైకి చూసింది, ఫ్యాను ఆగింది. డబ్బా వైపు చూసింది, ఎర్ర లైటు లేదు. చీర కొంగుకు చెయ్యి తుడుచుకుని వచ్చి, కొడుకు పక్కన చతికిలబడి, ఆ నీలం చెక్కను మెల్లగా తడిమింది. "మంచిగున్నది," అంది. ఇంకా వంగి, దాని మీద ఏ పువ్వులైనా ఉన్నాయేమో చూసినట్టు మొహం దగ్గరకు పెట్టి, గడ్డం ఆ చెక్క అంచుకు ఆనించింది. ప్రేమ్ కుమార్ వేళ్లు ఆపలేదు.

సాయమ్మ కదలకుండా ఉండిపోయింది. నిద్రపోయిందేమో అనుకున్నాను. కానీ కళ్లు తెరిచే ఉన్నాయి. కాసేపటికి గడ్డం ఎత్తకుండానే పాట అందుకుంది.

"మునుం పట్టిన చెల్లె, ముందుగాల నువ్వే పాడు..."

నాట్లకు వరస కట్టేటప్పటి పాట. గొంతు పగిలింది, కానీ గిటారు శ్రుతిని వదల్లేదు. రెండో చరణం దగ్గర ప్రేమ్ కుమార్ వేలు ఎటో పోయింది. సాయమ్మ అతని చేతి మీద చిన్న దెబ్బ వేసింది.

"గట్ల కాదు కొడకా. ఆడ దిగొద్దు. ఆణ్ణే నిలువాలె."

చెవికి అందని తీగల అదురు చెక్కలోంచి గడ్డం ఎముకకు ఎక్కుతున్నట్టుంది, ఆరేళ్ల తర్వాత తల్లి అతని తప్పు విని దిద్దింది. ప్రేమ్ కుమార్ పళ్ల బిగువున ఏడుపు ఆపుకుంటూ మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. జ్యోతి దుప్పటి పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది.

సగం పాటలో కరెంటు వచ్చింది. ఫ్యాను తిరిగింది, ఎర్ర లైటు వెలిగింది, పైన మా టీవీ మోగింది. సాయమ్మ నిప్పు తగిలినట్టు మొహం వెనక్కి లాక్కుంది. "కరెంటొచ్చింది, ఇడువు కొడకా, ఇడువు," అని అతని చేతులు గుంజింది. ప్రేమ్ కుమార్ చుట్టిపెట్టిన వైరు ఎత్తి చూపిస్తూ, "దీనికి పెట్టలేదే అవ్వా, ఏం కాదు," అంటున్నాడు. ఆమెకేం వినబడుతుంది? అప్పటికే సగం లేచింది.

నా మోకాళ్ల నొప్పి సంగతి నాకే గుర్తులేదు. మెట్ల కింద ఇల్లంతటికీ ఒకటే మెయిన్ స్విచ్. పోయి కిందికి లాగేశాను. ఫ్యాను రెక్కలు నెమ్మదించి ఆగాయి. సాయమ్మ అటూ ఇటూ చూసి, లైటు కూడా చూసి, మళ్లీ కూర్చుంది. మళ్లీ గడ్డం ఆనించింది.

పైనుంచి మా ఆయన కేకేశారు. "ఏమే, ఇప్పుడే కదా వచ్చింది, మళ్లీ తీసేశారా?"

"తీసేశారండీ," అన్నాను.

"ఎంతసేపట?"

"ఇప్పట్లో రాదు," అని చెప్పి, స్విచ్ మీద చెయ్యి తీయకుండా అక్కడే నిలబడ్డాను.