సూరిబాబు అని ఎవరు చెప్పారు?

దెయ్యాల కబుర్లు మొదలైతే మా ఇంట్లో అందరికంటే ముందు నవ్వేది నేనే. స్కూల్లో పెద్ద తరగతులకి జీవశాస్త్రం చెబుతాను. ప్రాణం పోయాక మిగిలేది కండ, ఎముక, కొవ్వు, అంతే అని ఏటా పిల్లలకి బల్ల గుద్ది మరీ చెబుతాను. ఇది చదివితే మా స్టాఫ్‌రూములో వాళ్ళు నన్ను ఏడిపించక మానరు. ఏడిపించనీ. జరిగింది మాత్రం ఇదే.

మేముండేది టాటానగర్ స్టేషన్ పక్కన బాగ్‌బేరాలో. మా ఆయనది రైల్వే ఉద్యోగం. మా అమ్మకి అక్క, మా దొడ్డమ్మ, పక్క వీధిలోనే ఉంటుంది. పెద్దనాన్న అక్కడి రైల్వే యార్డులోనే పనిచేసేవారు. ఆయన పోయాక కూడా ఆవిడ ఊరు వదల్లేదు. అన్నేళ్ళున్నా హిందీ మాత్రం ఒంటబట్టలేదు. కూరగాయల బండివాడే ఆవిడ కోసం తెలుగు నేర్చుకున్నాడు.

ఒక చలికాలం మా ఊరి సాక్చీ బజారులో ఓ హాలు అద్దెకి తీసుకుని మనిషి శరీరాల ప్రదర్శన పెట్టారు. బొమ్మలు కాదు, నిజమైన శరీరాలు. చర్మం ఒలిచి, లోపలి నీరూ కొవ్వూ తీసేసి, ఆ చోట ప్లాస్టిక్ లాంటి పదార్థం నింపి నిలబెడతారు. కుళ్ళదు, వాసన రాదు. చూసేవాళ్ళకి వివరించడానికి సైన్స్ టీచర్లు కావాలంటే మా స్కూలు నుంచి మరికొందరితో పాటు నేనూ వెళ్ళాను. వెళ్ళానని మామూలుగా రాస్తున్నాను గానీ, నిజానికి ఎగిరి గంతేశాను. పుస్తకంలో బొమ్మలు గీసి చెప్పే నరాలూ కండరాలూ చేతికందేంత దూరంలో ఉంటే ఏ టీచరు ఆగుతుంది?

అన్నిట్లోకీ జనం ఎక్కువగా మూగేది రెండో గదిలో బంతి తన్నుతున్న మనిషి దగ్గర. మా ఊళ్ళో ఫుట్‌బాల్ పిచ్చి ఎలాగూ ఉంది. కాలేజీ కుర్రాళ్ళు అతని పక్కన అలాగే కాలెత్తి నిలబడి సెల్ఫీలు దిగేవారు. నేనూ నవ్వుతూనే చూసేదాన్ని.

ఆదివారం మధ్యాహ్నం మా ఆయన దొడ్డమ్మని వెంటబెట్టుకుని వచ్చారు. ఆవిడ గుండె చూసింది, ఊపిరితిత్తులు చూసింది. మార్కెట్లో వంకాయలు చూసినట్టు ఒక్కొక్కటీ వంగి మరీ చూసింది. బంతి మనిషి దగ్గరికి వచ్చాక మాత్రం ఆగిపోయింది.

"ఈ అబ్బి పేరేటే?" అంది.

పేర్లు చెప్పరని చెప్పాను. అలా చెప్పినట్టే నాకు గుర్తు.

దొడ్డమ్మ తల ఊపి, అతని మొహంలోకి చూసింది. "ఏటి నాయినా సూరిబాబూ! ఒంటి మీద గుడ్డ నేకుండా ఈ బంతాటేటి? ఎన్నాళ్ళై కాలెత్తుకు నిలబడ్డావు? నొప్పెట్టదేటి నీకు?"

చుట్టూ ఉన్నవాళ్ళకి మాటలు అర్థం కాకపోయినా నవ్వారు. నేనూ నవ్వాను. ఏదో ఒక పేరు పెట్టి పిలిస్తే గానీ ఆవిడకి తోచదు. మా ఇంటి ముందు పడుకునే కుక్కకి కూడా ఇంటిపేరుతో సహా పేరు పెట్టింది.

అప్పుడే మేనేజరు అటు వచ్చాడు. కలకత్తా మనిషి, నవ్వుమొహం. ఇతను తన శరీరం తనే ఇచ్చాడా అని అడగమంది దొడ్డమ్మ. అడిగాను. కొన్ని దానం చేసినవని, కొన్ని లావారిస్ అని, కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయని చెప్పాడు. లావారిస్ అన్న మాట దొడ్డమ్మకి నేను చెప్పకుండానే తెలిసింది. రైల్వే స్టేషన్ మైకులో రోజూ వినేదే.

"అంటే ఎవుల్నేనోడా, ఎవులూ ఎతకనోడా?" అంది.

ఆ ప్రశ్న నేను హిందీలో చెప్పలేదు. చెబితే అతను ఏమంటాడో నాకు తెలుసు. ఒప్పుకోని మనిషిని ఇలా నిలబెట్టవచ్చా అని అంతవరకూ నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

మర్నాడు పొద్దున్నే దొడ్డమ్మ పలాసలో పెళ్ళికని రైలెక్కేసింది. ఆ సాయంత్రమే మొదలైంది.

ఎవరో బెంగాలీ ఆవిడ, ఇద్దరు కూతుళ్ళతో వచ్చింది. టికెట్టు చింపించుకుంటూ నన్ను అడిగింది, "సూరిబాబు వాలా కమ్రా కిధర్ హై?" అని.

సూరిబాబు ఉన్న గది ఎటు, అని. నేను చెయ్యి చూపించాను. ఆవిడ వెళ్ళిపోయాక గానీ ఏ పేరు అడిగిందో నా బుర్రకెక్కలేదు. ఎవరు చెప్పారని వెనకాలే వెళ్ళి అడిగాను. ఆవిడ నన్ను వింతగా చూసింది. "అందరూ అలాగే అంటున్నారు కదా" అంది హిందీలో.

నిజంగానే అందరూ అంటున్నారు. జుగ్సలాయి నుంచి వచ్చిన మార్వాడీ దంపతులు, చైబాసా నుంచి వచ్చిన కాలేజీ అమ్మాయిలు, తెలుగు ముక్క రానివాళ్ళు. ఇంకా విచిత్రం ఏమిటంటే, ఆ గదిలో జనం తీరు మారిపోయింది. కాలెత్తి సెల్ఫీలు దిగేవాళ్ళు తగ్గారు. ఒక స్కూలు పిల్ల తన స్నేహితురాలి చెయ్యి లాగేసి, "ముట్టుకోకే, సూరిబాబుకి చక్కిలిగింత పుడుతుంది" అని హిందీలో మందలించింది. ఒక ముసలాయన జేబులోంచి మఫ్లరు తీసి, ఎక్కడ కప్పాలో తెలియక, మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు.

మొదట మేనేజరు నా మీద విసుక్కున్నాడు. తమ నిబంధనల ప్రకారం పేర్లు పెట్టకూడదన్నాడు. నేను ఎవరికీ చెప్పలేదని ఒట్టేశాను. రెండు రోజులకి జనం పెరిగేసరికి అతని విసుగు పోయింది. గేటు దగ్గర పెద్ద బ్యానరు కట్టిద్దామన్నాడు. సూరిబాబుతో సెల్ఫీ దిగండి అని.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "మేడమ్, పేరు మీవాళ్ళు పెట్టిందే కదా, మీకు సంతోషమే అనుకున్నాను" అన్నాడతను. పేరున్న మనిషితో సెల్ఫీ దిగాలంటే ముందు ఆ మనిషిని అడగాలి కదా అన్నాను. ఆ బ్యానరు కడితే రేపటి నుంచి మా స్కూలు టీచర్లెవరూ రారని కూడా అన్నాను. మిగతా టీచర్లని అడక్కుండానే అనేశాను. అదృష్టం, వాళ్ళూ నా మాట మీదే నిలబడ్డారు.

అతను చాలాసేపు గొణిగి, చివరికి ఒప్పుకున్నాడు. ఆ గదిలో ఫోటోలు తీయడం మాన్పించారు. సాయంత్రం తలుపులు మూసే ముందు సూరిబాబు మీద తెల్ల దుప్పటి కప్పడం మొదలుపెట్టారు. గెలిచినట్టు ఇంటికి వచ్చి ఆ రోజు బజ్జీలు వేశాను.

ప్రదర్శన ముగిసి అన్నీ సర్దేస్తున్నప్పుడు వెళ్ళాను. పెట్టెల్లో పెట్టేవాళ్ళ మీద మేనేజరు అరుస్తున్నాడు. "అరే, సూరిబాబు కో ఆరామ్ సే!" అన్నాడు. ఆరామ్ సే, నెమ్మదిగా అని. అన్నాక నా వైపు చూసి, సిగ్గుపడ్డట్టు నవ్వాడు.

దొడ్డమ్మ పెళ్ళి నుంచి జంతికలు పట్టుకుని తిరిగొచ్చింది. కథంతా ఉత్సాహంగా చెప్పాను. అంతా చెప్పి, అసలా పేరు నీకెలా తట్టింది దొడ్డమ్మా అని అడిగాను.

"నాకు తట్టడమేటే? పేరేటని నానడిగినాను. సూరిబాబని నువ్వే సెప్పినావు గదా!"

నేను గట్టిగా నవ్వాను. మా ఆయన నవ్వలేదు.

"నువ్వే అన్నావు. పక్కింటాయన పేరు చెప్పినట్టు చెప్పావు. అక్కడెక్కడో రాసుందేమో అనుకున్నాను" అన్నారు.

మా చుట్టాల్లో ఆ పేరు ఎవరికీ లేదు. నా దగ్గర చదివినవాళ్ళలోనూ లేదు. పోనీ, నోరు జారి ఏదో అన్నాననుకుందాం. దొడ్డమ్మ పిలుపు విన్న నలుగురికీ ఆ మాటలే అర్థం కాలేదు, మరి తెలుగు రాని అంతమందికి ఎవరు చెప్పారు? మా ఆయన ఎవరితోనూ అనలేదు. ఆయన సంగతి నాకు తెలుసు, ఇంట్లోనే నాలుగు మాటలు మాట్లాడరు.

అలాంటి ప్రదర్శనలు ఉండకూడదని నేననను. ఇష్టపడి ఇచ్చినవాళ్ళవైతే ఇప్పుడైనా పిల్లల్ని తీసుకెళ్తాను. ఇచ్చారా అని మాత్రం గుమ్మంలోనే అడుగుతాను.

దొడ్డమ్మకి ఈ గొడవలేమీ పట్టలేదు. సూరిబాబు ఆత్మశాంతికి పూజ చేయించాలని మమ్మల్నిద్దర్నీ తెలుగువాళ్ళ గుడికి లాక్కెళ్ళింది. పంతులుగారు గోత్రం అడిగారు. నేను మా ఆయన మొహం చూశాను, మా ఆయన నా మొహం చూశారు.

దొడ్డమ్మ కొంగు సర్దుకుంది. "మాదే సెప్పండి బాబూ. ఎవులొచ్చి కాదంతారు?" అంది.

పంతులుగారు అలాగే చదివారు. తర్వాత మెట్ల మీద కూర్చుని పులిహోర తిన్నాం. ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఈ రోజుకీ తెలియదు. పులిహోర మాత్రం బ్రహ్మాండంగా ఉంది. ఇంకోసారి పెట్టించుకున్నాను.