నాన్న విన్న పొడుగు పాటలు

ఈ మధ్య మా వీధిలో ఎవరో ఇల్లు కట్టుకుంటూ గ్రానైట్ పలకలు కోయిస్తున్నారు. నీళ్ళు పోసి కోస్తుంటే, తడిసిన రాతిపొడి వాసన కిటికీలోంచి వచ్చింది. చేస్తున్న పని వదిలేసి కాసేపు అక్కడే నిలబడిపోయాను. అది మా నాన్న చొక్కా వాసన.

నాన్న మార్టూరులో రాళ్ళకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. వారమంతా ఆ మిషన్ల రొదలో గడిపి, ఆదివారం చర్చి నుంచి రాగానే తెల్లచొక్కా విప్పి దండెం మీద వేసి, టేప్‌రికార్డరులో క్యాసెట్ పెట్టి, దాని ముందు చాప పరుచుకునేవాడు. ఓడలో పనిచేసే స్నేహితుడు తెచ్చిచ్చిన క్యాసెట్లవి. అమెరికాలో ఒక రాక్ బ్యాండు కచేరీలను అభిమానులెవరో జనంలో నిలబడి రికార్డు చేసుకున్నవి. అట్టల మీద బొమ్మలు రంగులన్నీ నీళ్ళలో పోసి తిప్పినట్టుండేవి. ఒకే పాట ఒక్కో ఊరి కచేరీలో ఒక్కో దారిన పోయేది. గిటారు ఎటో వెళ్ళిపోయేది, డ్రమ్ములు దాన్ని వెతుక్కుంటూ వెళ్ళేవి. పాట తెగిపోయిందనుకుని నేను లేవబోతే నాన్న చెయ్యి పట్టుకుని ఆపేవాడు.

"కూర్చోవే. ఇక్కణ్ణుంచి ఎటు పోతారో వాళ్ళకే తెలీదు."

కల్లాల్లో మిరపకాయలు ఎండే రోజుల్లో ఆ ఘాటుకి తుమ్ముతూ, పత్తి తీతలప్పుడు గుమ్మందాకా ఎగిరొచ్చే దూదిపింజల్ని చూస్తూ, క్రిస్మస్‌కి అమ్మ అరిసెలు వత్తుతుంటే కాగే నూనె, బెల్లం వాసనల మధ్య, నేను ఆ పాటలు వింటూనే పెరిగాను. "కూర ఉడికి చల్లారింది కూడా, మీ పాట ఇంకా అవలేదా?" అనేది అమ్మ వంటింట్లోంచి. నాన్న నవ్వేవాడు.

నేను హైస్కూల్లో చేరిన ఏడాది అనుకుంటా, నాన్న వాల్యూం పెంచడం మొదలుపెట్టాడు. ముందు డ్రమ్ములతో పాటు మోగే తాళాల సన్నటి చప్పుడు ఆయనకు వినపడకుండా పోయింది, తర్వాత గిటారు పై స్వరాలు. మిషన్ల రొదకి చెవి నరాలు దెబ్బతిన్నాయని, ఆ పని మానేయమని గుంటూరు డాక్టరు చెప్పాడు.

"మానేసి ఏం తినాలండీ?" అన్నాడు నాన్న. సోమవారం మళ్ళీ పనికి వెళ్ళాడు.

ఆ తర్వాత ఆదివారాల్లో ఆయన చెవి దగ్గర నోరు పెట్టి నేనే చెప్పేదాన్ని. "గిటారు పైకెళ్తోంది నాన్నా. ఇప్పుడు డ్రమ్ములొక్కటే." ఆయన కళ్ళు మూసుకుని తలాడించేవాడు. కొన్నాళ్ళకి నా మాటా అందలేదు. అరచెయ్యి స్పీకరుకి ఆనించి, నా మొహం చూస్తూ కూర్చునేవాడు. ఒకరోజు పాట మధ్యలో తనే ఆపేసి, "చాల్లేమ్మా, నువ్వు చదువుకో" అన్నాడు. చర్చిలో అందరితో కలిసి పాడటం కూడా మానేశాడు.

నాన్న పోయి చాలా కాలమైంది. ఆ ఫ్యాక్టరీ లేదు. క్యాసెట్ల రీళ్ళు బూజు పట్టి పాడైపోయాయి. ఆ బ్యాండు కచేరీలన్నీ ఇప్పుడు ఫోన్లో దొరుకుతున్నాయి, నాన్న ఎప్పుడూ వినని ఊళ్ళవి కూడా. మొన్న ఒకటి పెట్టాను. మేము విన్న పాటే, సగంలో దారి తప్పి, ఎక్కడెక్కడో తిరిగి, ఎవరూ అనుకోని చోట తేలింది. పాత క్యాసెట్లో ఇక్కడ ఇలా పోలేదు కదా అని ఎవరితోనైనా అనాలనిపించింది. మా ఊళ్ళో ఆ పాటలు విన్నది మేమిద్దరమే.