జానెడు పైనుంచి

గేలన్ స్కార్ అంత్యక్రియల రోజు, చర్చి కింది గదిలో అందరూ శాండ్‌విచ్‌లు తింటూ పోయినవాడి మంచితనం చెప్పుకుంటున్నారు. వెర్లిన్ టోస్‌రూడ్ మాత్రం చల్లారిపోయిన కాఫీ కప్పు పట్టుకుని గోడవారగా నిలబడి, పలకరించిన ప్రతివారికీ ఒకటే మాట చెప్పాడు.

"వాడి తూటా సరిచెయ్యలేకపోయాను."

పాస్టరుగారు ఆ మాట విని, దుఃఖంలో మనిషి ఏదో అంటున్నాడనుకుని భుజం తట్టి పక్కకు వెళ్ళిపోయారు. పాపం, ఆయన తుపాకీ ఎరగని, చేపలు పట్టుకునే మనిషి. ఆయనకేం తెలుస్తుంది?

మా ఉత్తర మోంటానాలో మంచు కరిగి నేల కనబడగానే గోఫర్లు బయటికొస్తాయి. చూడటానికి ఉడుత కంటే కాస్త లావు, తవ్వే బుద్ధి మాత్రం అచ్చం పందికొక్కుది. పచ్చిక బీడంతా బొరియలు చేసి పెడతాయి. పరిగెత్తే గుర్రం కాలు అందులో పడిందంటే ఆ గుర్రాన్ని ఇక మనమే కాల్చుకోవాలి. అందుకే ఏటా వాటిని కాల్చడం ఇక్కడ కలుపు తీయడం లాంటి పని. కాకపోతే కలుపు మొక్క కదలకుండా ఉంటుంది. గోఫరు బొరియ నోట్లో నిలబడి, చేతులు కట్టుకుని, ఎంతో దూరాన్నుంచి మన వంక చూస్తుంటుంది. గురి వేలెడు తప్పినా లోపలికి దూరిపోతుంది. కొట్లో కొన్న తూటాతో అంత దూరం అంత చిన్నదాన్ని కొట్టడం అదృష్టం మీద ఆధారపడిన వ్యవహారం. వెర్లిన్‌కు అదృష్టమంటే గిట్టదు. తన తూటాలు తనే చేసుకుంటాడు.

కొట్టం వెనక గదిలో అతని బల్ల. కాల్చాక మిగిలిన తూటాల ఇత్తడి డొప్పల్ని తుడిచి, మూతి సరిచేసి, ఒకే బరువున్నవాటిని ఒక జట్టుగా ఏరతాడు. తుపాకి మందును ఆవగింజంత తేడా రాకుండా తూస్తాడు. తూచేటప్పుడు త్రాసు వణుకుతుందని గది వెచ్చబెట్టే పొయ్యి ఫ్యాను కూడా ఆపేసి, కోటు వేసుకుని కూర్చుంటాడు. ఆ మీదట మీట నొక్కి గుండును డొప్పలో కూర్చోబెడతాడు. ఎంత లోతుకు దిగాలన్నది ఒక్కో రైఫిలుకు ఒక్కోలా ఉంటుంది. ఒకసారి పేలాక డొప్ప ఆ రైఫిలు లోపలి కొలతకు సాగిపోతుంది కాబట్టి, ఇంకో రైఫిలులో సరిగ్గా పట్టదు. అందుకని రెండు జట్లు కలిసిపోకుండా గేలన్ తూటాల అడుగున ఎర్ర చుక్క పెట్టేవాడు. ఆ రంగు వెర్లిన్ భార్య ఆర్డిస్ గోళ్ళ రంగు. ఆవిడ ఉన్నప్పుడు అడిగి తెచ్చుకునేవాడు. పోయాక సీసా అతని బల్ల మీదే ఉండిపోయింది. అడుగున గడ్డకట్టుకుపోతుంటే ఏదో ద్రావకం పోసి పలచన చేసి వాడుతున్నాడు.

అవును, గేలన్ తూటాలు కూడా వెర్లినే చేసేవాడు. ఇద్దరివీ పక్కపక్క పొలాలు, చిన్నప్పటి నుంచీ ఒకే బడి, ఒకే పోట్లాట. ప్రతి వసంతంలోనూ బీడు గట్టున రెండు కుర్చీలు వేసుకునేవారు. ఒకటి రైఫిలు వెనక, ఒకటి దుర్భిణి వెనక. కాల్చేవాడికి రైఫిలు ఎగదన్నడంతో తన దెబ్బ ఎక్కడ పడిందో తనకే కనబడదు. పక్కవాడు దుర్భిణిలో చూసి చెప్పాలి. తప్పేదాకా ఒకడే కాలుస్తాడు. తప్పితే కుర్చీ మారాలి. మా వైపు అందరికీ అదే పద్ధతి.

ఆర్డిస్ పోయాక వెర్లిన్ నోట మాట కరువైంది. అంగడికొస్తే తల ఊపి పోయేవాడు. పిల్లలు లేరు. పొలం పక్కవాళ్ళకు కౌలుకిచ్చేశాడు. రైఫిలు వెనక కూర్చున్నప్పుడు మాత్రం నోరు విచ్చుకునేది. గోఫర్లను తిట్టేవాడు, ఆర్డిస్ తనను ఎలా ఏడిపించేదో చెప్పేవాడు, నవ్వేవాడు కూడా. దుర్భిణి వెనక్కి మారితే మళ్ళీ నోటికి తాళం.

ఆర్డిస్ పోయిన ఏటి వసంతం నుంచే గేలన్ తూటాలు తేడా చేయడం మొదలుపెట్టాయి. రెండు మూడు చక్కగా తగిలేవి. తరవాతిది తప్పేది.

"జానెడు పైనుంచి పోయింది," అన్నాడు వెర్లిన్ దుర్భిణిలోంచి కన్ను తీయకుండా.

"గాలిరా."

"గాలైతే పక్కకి తోస్తుంది గానీ పైకెందుకు లేపుతుందిరా? ఈ వయసులో నాకు గాలి పాఠాలు చెప్తున్నావా?"

"అయితే నీ మందే. నాకేం తెలుసు, వండేది నువ్వు, తినేది నేను. లే లే, కుర్చీ మారు."

ఆ మాట వెర్లిన్‌కు ముల్లులా గుచ్చుకుంది. వంట బాగాలేదన్నా ఊరుకుంటాడు గానీ తూటా బాగాలేదంటే అతనికి నిద్ర పట్టదు. గేలన్ తన దొడ్డి వెనక కాగితం మీద కాల్చి తెచ్చి చూపించేవాడు. కన్నాలన్నీ ఒకేచోట గుంపుగా ఉండేవి, ఒక్కటి మాత్రం బొటనవేలంత పైన విడిగా. రైఫిలు తీసుకుని తనే కాల్చి చూడొచ్చు కదా అంటారేమో. ఒకడి రైఫిలు ఇంకొకడు కాల్చడమంటే మా దగ్గర ఒకడి పళ్ళ బ్రష్షు ఇంకొకడు నోట్లో పెట్టుకోవడం లాంటిది. పైగా గేలన్‌ది ఎడమచేతి వాటం, రైఫిలు కూడా దానికి తగ్గట్టే చేయించుకున్నది. వెర్లిన్ అడగలేదు, గేలన్ ఇవ్వలేదు.

అలా చలికాలాలన్నీ ఆ ఒక్క విడి కన్నం వెనకే గడిచాయి. మందు మార్చాడు, గుండు మార్చాడు, డొప్పల మూతులు ఒరిపిడి పట్టాడు. బయట మంచు కిటికీ అంచు దాకా పేరుకుంటే లోపల వెర్లిన్ కళ్ళజోడు మీద ఇంకో కళ్ళజోడు పెట్టుకుని కూర్చునేవాడు. రెండ్రోజులకోసారి ఫోను మోగేది.

"ఏరా, దొరికిందా దొంగ?"

"లేదు."

"వెతుకు. నేనెక్కడికీ పోవట్లేదుగా."

పోయాడు. క్రిస్మస్‌కు ముందు ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆసుపత్రిలో పడ్డాడు. వెర్లిన్ మంచులో బండి నడుపుకుంటూ వెళ్ళి మంచం పక్కన కూర్చున్నాడు.

"ఈసారి పట్టేశాననుకుంటారా. మందంటించే అడుగు బిళ్ళల్లో ఉంది కిటుకంతా. మార్చేశాను."

గేలన్ ముక్కుకు గొట్టం పెట్టుకునే నవ్వాడు. "పట్టేస్తే మరి వచ్చే చలికాలం ఏం చేస్తావురా?"

వెర్లిన్‌కు ఆ ప్రశ్న అర్థం కాలేదు. వేళాకోళం అనుకున్నాడు. అదే ఆఖరి మాట.

ఇక ఆ తరవాత ఫోను మోగలేదు. వెర్లిన్ బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చునేవాడు, మీట మీద చెయ్యి వేసేవాడు, తీసేసేవాడు. తన తూటాలు ఎప్పుడో కుదిరిపోయాయి, వాటితో చేయడానికేం లేదు. ఒంటరితనం అంటే ఏమిటని అతన్ని అడిగితే, చేతిలో పనిముట్టు ఉండి పని లేకపోవడం అని చెప్పేవాడేమో. అడిగేవాళ్ళూ లేరు. స్నేహితుణ్ణి చెడ్డ తూటాలతో సాగనంపాను, అన్ని వసంతాలూ వాణ్ణి దుర్భిణి కుర్చీకి కట్టేశాను అన్న ఆలోచన అతన్ని తినేసింది.

మంచు కరిగాక గేలన్ కూతురు డెల్లా వచ్చింది. మొగుడితో విడిపోయి తిరిగొచ్చి, గుర్రాలు పెంచుతూ తండ్రి దగ్గరే ఉండేది. ఇప్పుడు ఆ ఇంట్లో ఒక్కతే. తండ్రి కోటు వేసుకుంది. చేతులు మడిచినా పొడుగే. దుప్పట్లో చుట్టిన రైఫిలు, ఒక రేకు డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది.

"బాబాయ్, గుర్రాల బీడు నిండా గోఫర్లే. మొన్న ఆడగుర్రం కాలు కొద్దిలో తప్పింది. కాస్త వచ్చి కాల్చిపెట్టవా?"

"వస్తాను. ఇదెందుకు తెచ్చావు?"

"నాన్న బండిలో ఉంది. అలా చూస్తూ ఉండలేకపోతున్నా."

వెర్లిన్ డబ్బా మూత తీశాడు. అడుగున ఎర్ర చుక్కలు. పోయిన వసంతం చేసిన తూటాలు, తేడా చేసినవే.

"ఇవి మంచివి కావమ్మా. వీటితో మీ నాన్న ఊరికే తప్పేవాడు."

"నాన్నా? తప్పడమా?" అంది డెల్లా. రెండూ అక్కడే వదిలి వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం వెర్లిన్ కొట్టం వెనక కాగితం అతికించి, మొదటిసారి గేలన్ రైఫిలు భుజానికి ఆనించాడు. ఎడమచేతి వాటం మీట కుడిచేతివాడికి అడ్డంగా వస్తుంది. తిట్టుకుంటూ, ఒళ్ళు వంకర చేసుకుంటూ, ఒక్కొక్కటీ మెల్లిగా కాల్చాడు. వెళ్ళి చూశాడు. కన్నాలన్నీ కలిసి ఒకటే చిరుగు. విడిగా ఏదీ లేదు.

ముందు సంతోషం వేసింది. తన తూటా మంచిదే! ఆ తరవాత అనుమానం వచ్చింది. ఇంకో కాగితం పెట్టాడు. ఆ పైకెగిరే దొంగ ఎప్పుడొస్తాడా అని డబ్బా సగం ఖాళీ చేశాడు. రాలేదు. మళ్ళీ ఒకటే చిరుగు, కాస్త పెద్దదైందంతే.

కాగితం చేతిలో పట్టుకుని గడ్డిలో కూర్చుండిపోయాడు. చెడ్డ తూటా ఒకచోటే తప్పదు. ఒకటి పైకి, ఒకటి కిందికి, ఒకటి పక్కకి పోతుంది. ఈ పనిలో ఉన్నవాడికి మొదటి రోజే తెలిసే సంగతి అది. గేలన్‌వి అన్ని వసంతాలూ, ప్రతిసారీ, జానెడు పైనే. అంత నికరంగా తప్పాలంటే తూటా మంచిదై ఉండాలి, గురి అంతకంటే మంచిదై ఉండాలి. దుర్భిణిలో కన్ను పెట్టి, తూటా పడి లేచిన ప్రతి దుమ్మునూ చూసిన మనిషి, తన నోటితోనే జానెడు పైన, జానెడు పైన అని చెప్పిన మనిషి, మందును అనుమానించాడు, గుండును అనుమానించాడు, చివరికి ఇత్తడినీ అనుమానించాడు గానీ పక్కన కూర్చున్నవాణ్ణి ఒక్కసారీ అనుమానించలేదు.

కుర్చీ మారడానికి తప్పేవాడు. వెర్లిన్ రైఫిలు వెనక కూర్చుని మాట్లాడాలని తప్పేవాడు. కాగితం మీద ఆ విడి కన్నం కూడా అందుకే. అది లేకపోతే చలికాలమంతా వెర్లిన్ ఏం చేస్తాడు?

"ఒరేయ్ దొంగ వెధవా," అన్నాడు వెర్లిన్ గట్టిగా. చుట్టుపక్కల ఎవరూ లేరు. గాలి ఒకటే. అతను ఆర్డిస్ పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు.

మర్నాడు డెల్లా బీడు గట్టున రెండు కుర్చీలు వేశాడు. తన రైఫిలు తెచ్చుకున్నాడు, గేలన్‌ది పక్కన పెట్టాడు. డెల్లా ఫ్లాస్కులో కాఫీ తెచ్చి, ఏమీ అడక్కుండా వెళ్ళి దుర్భిణి వెనక, తండ్రి కూర్చునే చోట కూర్చుంది.

వెర్లిన్ కాల్చాడు.

"తగిలింది," అంది డెల్లా.

మళ్ళీ కాల్చాడు.

"తగిలింది."

ఆ ఒక్క మాటే. పొద్దున్నుంచీ ఇంకో మాట లేదు. కోటు కాలరులో మొహం సగం దాచుకుని కూర్చుంది. ఆ కూర్చోవడం వెర్లిన్‌కు బాగా ఎరుకే. తను అలాగే కూర్చునేవాడు. తన తూటాలు ఇలా తగులుతూ పోతే ఈ పిల్ల సాయంత్రం దాకా ఆ కుర్చీలోంచి లేవదు.

దూరాన ఒక గోఫరు బొరియ నోట్లో నిలబడి చేతులు కట్టుకుంది. వెర్లిన్ దాని గుండె మీద గురి నిలిపాడు. తరవాత మెల్లిగా రైఫిలు మూతి ఎత్తి, తల మీదుగా ఖాళీ గాలిలో నిలిపాడు. అలా పట్టుకోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. జీవితమంతా తగలడానికే కాల్చిన వేలు ఒప్పుకోలేదు. బలవంతాన నొక్కాడు.

"అయ్యో! జానెడు పైనుంచి పోయింది బాబాయ్," అంది డెల్లా, దుర్భిణిలోంచి తల ఎత్తి. "నువ్వు తప్పడమేంటి? గాలా?"

"గాలి కాదు. తూటాయే. ఎక్కడో తేడా చేశాను." ఊరందరి ముందూ తన తూటాకు వంక పెట్టనివ్వని మనిషి ఆ మాట సునాయాసంగా అనేశాడు. "లే లే, కుర్చీ మారు. మీ నాన్న రైఫిలు తీసుకో. నీదీ ఎడమచేతి వాటమే కదా."

"నేనా? ఎన్నేళ్ళయిందో పట్టుకుని."

"పద్ధతి పద్ధతే. తప్పినవాడు లేవాలి."

డెల్లా కూర్చుంది. రైఫిలు ఆమె ఎడమ భుజంలో ఒదిగిపోయింది. చెంప ఆనించగానే ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. "నాన్న చుట్ట వాసనొస్తోంది బాబాయ్," అంది. ఆ తరవాత కాల్చింది.

"తగిలింది!" అన్నాడు వెర్లిన్.

డెల్లా నవ్వింది. చిన్నప్పుడు ఈ గట్టు మీదే తనను తండ్రి గోనెసంచి మీద పడుకోబెట్టి గురి నేర్పడం, తను మొదటి దెబ్బకు నీళ్ళ తొట్టికి కన్నం పెట్టడం, అమ్మ దగ్గర ఇద్దరూ అబద్ధమాడటం, కాలుస్తూ చెప్పుకుంటూ పోయింది. వెర్లిన్ దుర్భిణిలో కన్ను పెట్టుకుని వింటూ, తగిలినప్పుడల్లా తగిలిందంటూ కూర్చున్నాడు.

నీడలు పొడుగవుతుంటే కుర్చీలు మడిచి బండిలో వేశారు. డెల్లా అతని తూటాల డబ్బా అందిస్తూ అడిగింది.

"బాబాయ్, ఇందాక నీది ఎందుకలా పోయిందంటావ్? సరిచెయ్యగలవా?"

"చెయ్యాలి. ఈ చలికాలమంతా పట్టేలా ఉంది," అన్నాడు వెర్లిన్. డబ్బా తీసుకుని సీటు కింద పెట్టాడు. "నువ్వు అప్పుడప్పుడు ఫోను చేసి అడుగుతుండు, దొరికిందా అని."