కాష్కా పథ్యం

నారీన్ ఊళ్లో పిల్లికి ఇన్సులిన్ వేసే మనిషి జూరాకాన్ ఒక్కతే. బడిపిల్లలకు వండిపెట్టే పని చేసి రిటైరైంది. మొగుడు పోయాక ఆమెకు మిగిలిన తోడు ఆ పిల్లి, కాష్కా. నుదుట తెల్లచార ఉందని ఆ పేరు పెట్టింది. "మనుషులకే దిక్కులేదు, పిల్లికి సూదులట!" అని బజార్లో ఆడవాళ్లు నవ్వితే, "మీ మొగుళ్లకంటే బుద్ధిగా వేయించుకుంటాడు, వచ్చి చూడండి" అనేది.

నిజంగానే బుద్ధిమంతుడు. ఆమె వాడి చెవి అంచును వేళ్లతో రుద్ది వెచ్చచేసి, సన్నగా గుచ్చి, చీమతలంత రక్తపుచుక్కను మీటరుకు అందించేది. ఆ మీటరు అసలు ఆమెది. ఆమెకూ షుగరే. ఇన్నేళ్లూ తన పథ్యం తాను ఏనాడూ సరిగ్గా చేయలేదు. పిల్లి పథ్యం చేస్తుంటే తాను జామ్ నాకుతూ కూర్చోవడం న్యాయం కాదని, ఇంట్లో తీపి అన్నది లేకుండా చేసింది.

గొర్రెలకూ గుర్రాలకూ వైద్యం చేసే ఎర్కిన్‌కు పిల్లి రోగి కొత్త. పాత పుస్తకాలు తిరగేసి చెప్పాడు: "రొట్టె వద్దు, పాలు వద్దు. మాంసమే పెట్టు పిన్నీ. కొలవకుండా మాత్రం సూది వెయ్యకు."

ఆమె అలాగే చేసింది. ఉప్పులేని గొర్రెమాంసం ఉడికించి, తూచి పెట్టింది. అయినా ఆరేడు చూపాల్సిన మీటరు ఇరవైకి కూడా దిగిరాలేదు. ఎర్కిన్ మోతాదు పెంచాడు. లాభం లేక మళ్లీ పెంచాడు. కాష్కా మాత్రం చిక్కిపోతూనే ఉన్నాడు. ఎత్తుకుంటే ఎముకలు చేతికి తగిలేవి. వీడు కూడా పోతాడేమోనని ఆమెకు గుండెలో రాయి పడింది.

ఒక సాయంత్రం వాణ్ణి వెతుక్కుంటూ బయటికొస్తే, ఎదురింటి తలుపు తెరిచి ఉంది. లోపల కనిషాయ్ ముసలమ్మ బల్ల కింద గిన్నె పెట్టి కూర్చుంది. గిన్నెలో వేడిపాలలో నానిన రొట్టె, పైన వేలెడు మందాన మీగడ. కాష్కా తలెత్తకుండా తింటున్నాడు.

"అక్కా! ఏం పెడుతున్నావు వాడికి?"

"రొట్టె. గడప తొక్కినవాణ్ణి ఊరికే పంపమంటావా? మా అమ్మ నన్నలా పెంచలేదు."

"వాడు పిల్లి!"

"పిల్లయితే? రోజూ తలుపు గీకి మరీ వస్తాడు. నా ఇంటికొచ్చే చుట్టం వాడొక్కడే."

కోపంలో జూరాకాన్‌కు ఆ చివరి మాట చెవికెక్కలేదు. "నీ మీగడతో వాణ్ణి చంపుతున్నావు!" అని అరిచి, పిల్లిని చంకనేసుకుని వచ్చేసింది. ముసలమ్మ మొహం పాలిపోయింది. ఆ తలుపు మూసుకుంది.

మర్నాడు పొద్దున్నే ఆమె మొదటిసారి కొలవలేదు. దొంగ దొరికాక ఇంకా కొలిచేదేమిటన్న మంట. పెంచిన మోతాదు పెంచినట్టే పొడిచేసింది. కాష్కా ఎదురింటి తలుపు చాలాసేపు గీకాడు. ఎవరూ తీయలేదు.

మధ్యాహ్నం వాడు గది మధ్యలో తూలి పడ్డాడు. కాళ్లు కొట్టుకుంటున్నాయి. మీటరు రెండు దగ్గర ఆగింది. ఎర్కిన్‌కు ఫోను చేసింది.

"తేనె! చిగుళ్లకు రాయి, ఇప్పుడే!"

ఇంట్లో తేనె లేదు, చక్కెర పలుకైనా లేదు. జూరాకాన్ చెప్పుల్లేకుండా పరుగెత్తి ఎదురింటి తలుపు రెండు చేతులా బాదింది.

"తేనె కావాలక్కా, కాష్కా పడిపోయాడు!" అని అరిచింది. కనిషాయ్ తేనె సీసాతో వచ్చి, నొప్పి మోకాళ్ల మీదే కూలబడి, వేలు ముంచి వాడి చిగుళ్లకు రాసింది. మళ్లీ రాసింది. కాసేపటికి కాష్కా నాలుక కదిలింది. ఆ వేలినే నాకాడు. మీటరు నాలుగు దాటాక జూరాకాన్ గోడకు చేరగిలబడి ఏడ్చింది. రొట్టె ఆగిపోయాక పాత మోతాదు ఎక్కువైందని, దాన్ని తగ్గించి రేపటినుంచి మళ్లీ కొలవమన్నాడు ఎర్కిన్ ఫోనులో.

"నా వల్లేనా?" అంది ముసలమ్మ.

"కాదక్కా. కొలవకుండా పొడిచింది నేను."

"వాణ్ణింక మా ఇంటికి పంపకే. నాకు భయమేస్తోంది." సీసా మూత బిగించి, గోడ పట్టుకుని లేచింది. ఎదురింటి తలుపు తీసే ఉంది. లోపల బల్ల మీద ఒకే కప్పు ఉంది.

మూడేళ్లుగా ఎదురెదురు గుమ్మాలు. పిల్లి రోజూ వెళ్లింది. తాను ఒక్కసారైనా ఆ గడప లోపలికి వెళ్లి కూర్చోలేదని జూరాకాన్‌కు అప్పుడే తట్టింది. సిగ్గేసింది.

"వాడు రాడక్కా. ఇకమీద నీ రొట్టె ఓ ముక్క నోట పెట్టుకోడానికి నేనొస్తాను."

"నీకూ షుగరే కదే, మొద్దూ!"

"కొలుచుకునే వస్తాలే."