తలుపేసుకుని స్నానం

పాలా అనే ఊరవతల చర్చి సిస్టర్లు నడిపే వికలాంగుల హోమ్‌కి వచ్చేటప్పటికి ఔతకి నలభై దాటాయి. పుట్టుకతోనే కాళ్లు చచ్చుబడ్డాయి, ఎడమచెయ్యి చెప్పినమాట వినదు. ఆ లోటంతా కుడిచెయ్యీ నోరూ తీర్చేవి. అమ్మ పోయాక అన్న పైలీయే అతన్ని సాకాడు. తెల్లవారుజామున రబ్బరు చెట్లకి గాట్లు పెట్టి వచ్చి, తమ్ముణ్ణి భుజానేసుకుని బావి దగ్గరికి మోసుకెళ్లి నీళ్లు పోసేవాడు. ఆ మోతకే నడుం పోయింది. ఇక ఎవర్నీ ఎత్తొద్దని డాక్టరు గట్టిగా చెప్పాక, కళ్లు తుడుచుకుంటూ తెచ్చి ఇక్కడ చేర్చాడు.

మెట్లు లేని వరండాల్లో చక్రాలకుర్చీ మీద ఎక్కడికంటే అక్కడికి దొర్లిపోవచ్చు. మంచం పక్కన గంట నొక్కితే మనిషి వస్తుంది. శనివారం శనివారం మంగలి వచ్చి గడ్డం గీస్తాడు. ఔతకి అన్నీ నచ్చాయి, స్నానాలగది తప్ప. అక్కడ మనిషిని గుడ్డ ఉయ్యాల్లో పైకెత్తి కుర్చీలో దించే మర ఒకటుంది.

"నేనేమన్నా సంతలో పందినా, వేలాడదీసి తూచడానికి?" అని మొండికేశాడు. తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకుని సరిపెట్టేవాడు.

"నీ కంపుకి పనసచెట్టు మీద గబ్బిలాలు కూడా లేచిపోయాయయ్యా!" అంది అతన్ని చూసుకునే తంకమ్మ.

ఔత నవ్వలేదు. "మా అన్న తప్ప ఇంకెవరూ నన్నట్లా చూళ్లేదక్కా," అన్నాడు గొంతు తగ్గించి.

"నేను మాత్రం ఎందుకు చూస్తాను? తువ్వాలు కప్పి కూర్చోబెట్టి, నీళ్ల గొట్టం చేతికిచ్చి బయటికొచ్చేస్తా. చెయ్యందని చోటుంటే పిలువు."

ఔత కళ్లు గట్టిగా మూసుకుని మర ఎక్కాడు. తంకమ్మ అతన్ని కుర్చీలో దించి, అన్నట్టే తలుపు దగ్గరగా వేసి వెళ్లింది. పుట్టి బుద్ధెరిగాక మూసిన తలుపు వెనక ఔత ఒంటరిగా ఉండటం అదే మొదలు. గోరువెచ్చటి నీళ్లు మెడ మీంచి జారుతుంటే ఊరికే కూర్చుండిపోయాడు. తర్వాత చర్చి పాట ఎత్తుకున్నాడు, తప్పుడు రాగంలో.

"ఉన్నావా, కరిగిపోయావా?" అని బయటినుంచి కేకేసింది తంకమ్మ.

"ఇంకాసేపక్కా, నీకు పుణ్యముంటుంది!"

ఆదివారం పైలీ వచ్చాడు. వచ్చీరాగానే తమ్ముడి వీపు మీద పుండ్లేమైనా పడ్డాయేమోనని తడిమాడు, చెవుల వెనక చూశాడు.

"నీళ్లెవరు పోస్తున్నార్రా?"

"నేనే."

"కోతలు కొయ్యకు."

మధ్యాహ్నం చూడవచ్చినవాళ్లకి కూడా అక్కడే కర్రపెండలం, చేపల పులుసు పెట్టారు. తిని లేవబోతూ పైలీ నడుం పట్టుకుని మూలిగాడు. ఔత తంకమ్మ వైపు చూశాడు. ఆమె తలూపింది. అన్నని స్నానాలగదికి తీసుకెళ్లి పీట మీద కూర్చోమన్నాడు.

"చొక్కా విప్పు."

"ఈ వయసులో నాకెందుకురా ఈ సోకులు?"

"ఇన్నేళ్లూ నువ్వు పోశావు. నోరు మూసుకుని వీపిటు తిప్పు."

తన కుర్చీని అన్న వెనక్కి దొర్లించుకుని, వేన్నీళ్లు నడుం మీద సన్నగా వదిలాడు ఔత. పైలీ భుజాలు మెల్లగా దిగాయి.

"వేడి సరిపోయిందా అన్నా?"

"ఊఁ... ఇంకాస్త కిందకి పొయ్యరా," అన్నాడు, మొహం గోడకేసి తిప్పుకుని.

వెళ్తూ వెళ్తూ పైలీ తంకమ్మ రెండు చేతులూ పట్టుకున్నాడు. ఏదో అనబోయి, "పులుసు బాగుందమ్మా," అని మాత్రం అనగలిగాడు. అప్పట్నుంచీ ప్రతి ఆదివారం పైలీ చంకలో తువ్వాలు పెట్టుకుని బస్సెక్కుతున్నాడు. ఎక్కడికని అడిగితే, "మా తమ్ముడింటికి" అంటాడు.